రూపాయి గంప

పోయిన నెల చౌటుప్పల్ దగ్గర ఒక పెళ్లికి వెళ్లాను. రోడ్డు పక్కన కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు. భోజనాలయ్యాక గేటు దగ్గర ఒక అమ్మాయి, వెళ్లిపోయేవాళ్ల చేతిలో తలా ఒక వెదురు బుట్ట పెడుతోంది. అరచేతిలో ఇమిడేంత బుట్ట. లోపల రెండు తమలపాకులు, వక్కపొడి పొట్లం, కుంకుమ డబ్బా. కారెక్కాక తిరగేసి చూస్తే అడుగున ధర చీటీ పీకడం మరిచిపోయారు. నూటయాభై రూపాయలు. పక్కన కూర్చున్న మా తోడల్లుడు దాన్ని లాక్కుని అటూ ఇటూ తిప్పి, "నూటయాభైయా? ఏం పడ్తదండి ఇండ్ల?" అన్నాడు.

ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం హైదరాబాదు చేరేదాకా వేరే మాట తోచలేదు. గంపను చూడగానే "ఏం పడ్తది, ఎంత పడ్తది" అని అడగాలని, అదొక్కటే అడగదగిన ప్రశ్న అని నమ్మిన మనిషి ఒకామె నాకు తెలుసు.

ఎనభైల చివర నేను కల్వకుర్తిలో ఒక దినపత్రికకు విలేకరిని. శ్రీశైలం రోడ్డు మీద, బస్టాండుకూ వ్యవసాయ మార్కెట్టుకూ నడుమ ఖాజా భాయి చాయ్ హోటల్ ఉండేది. దాని గోడకు ఆనుకుని తాటికమ్మల పందిరి. ఆ పందిరి కింద ఆమె, ఆమె భర్త గంపలు, తట్టలు, చాటలు అల్లేవాళ్లు. మేదరివాళ్లు. నాకు ఆఫీసంటూ లేదు, ఖాజా భాయి బెంచీయే ఆఫీసు. మూడేళ్లపాటు రోజుకు నాలుగైదు గంటలు ఆమెకు పదడుగుల దూరంలో కూర్చున్నాను.

యాభై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి. ఎప్పుడు చూసినా పళ్ల మధ్య ఒక వెదురు బద్ద. చేతులు రెండూ అల్లికలో ఉంటాయి కాబట్టి తర్వాత వెయ్యాల్సిన బద్ద నోట్లో ఉండేది. అందుకని మాటలన్నీ నోటి ఎడమ పక్క నుంచే వచ్చేవి. కొత్తవాళ్లకు సగం అర్థమయ్యేవి కావు. బద్ద నోట్లో ఉన్నంతసేపు ఎంత తిట్టినా అది సరసమే. బద్ద తీసి పక్కన పెట్టిందంటే మాత్రం ఖాజా భాయి గ్లాసులు కడగడం ఆపి చూసేవాడు.

పొద్దున వచ్చి కూర్చోగానే ఆమె నోటి వెంట వచ్చే మొదటి మాట ఇది:

"భాయీ, ఇయ్యాల జొన్నలెట్లున్నయ్?"

ఆడబిడ్డ పెళ్లి సంబంధం గురించో, పక్కింటివాళ్ల ఆరోగ్యం గురించో అడిగినట్టు అడిగేది. మార్కెట్టు హమాలీలు ఆయన దగ్గరే చాయ్ తాగుతారు కాబట్టి ఖాజా భాయికి ఆ రోజు ధర తెలిసి ఉండేది. ఆయన చెబితే, ఆమె తల ఊపి పని మొదలుపెట్టేది. ఆ రోజుకు ఆమె గంపల ధర తేలినట్టే. ఎందుకంటే ఆమె లెక్కలో గంప ధర అంటే గంప నిండా జొన్నలు. కోతలయ్యాక రైతులు గింజలు తెచ్చి, కొనబోయే గంపలోనే పోసి, తల సమంగా గీసి, ఆమె సంచిలో కుమ్మరించి, ఖాళీ గంప తీసుకుపోయేవాళ్లు. గింజలు లేనివాళ్లు ఆ గింజల ధర పైసల్లో ఇచ్చేవాళ్లు. పెద్ద గంప ఎక్కువ పట్టుకుంటుంది, ఎక్కువ ధర. చిన్నది తక్కువ పట్టుకుంటుంది, తక్కువ ధర. వాళ్ల నాయిన అలాగే అమ్మాడట, ఆయన నాయినా అలాగేనట.

"మరి నీ కష్టం, పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను.

"గంప పెద్దగుంటె కష్టం పెద్దది, చిన్నగుంటె చిన్నది. ఇంక నేను జెప్పుడేంది బిడ్డా? గంపే చెప్తది."

ఇంకో నియమం కూడా ఉండేది. అల్లని గంపకు ధర చెప్పదు. ఎవరైనా ముందే అడిగితే, "పుట్టని పిల్లకు పేరు వెడ్తరా?" అనేది. అల్లాలి, నింపాలి, అప్పుడు చూడాలి.

బేరమాడేవాళ్లంటే ఆమెకు చిరాకు లేదు, సరదా. ఒకడు అరగంట సేపు ప్లాస్టిక్ టబ్బుల గొప్ప చెప్పాడు. ఎంత తేలిక, ఎంత చవక, వానలో నానదు, ఎలుక కొరకదు. అన్నీ విని, "గంప నిండ మాటలు పోసినవ్. ఇగ గింజలు పొయ్యి," అంది. ఇంకోసారి పక్క ఊరి పటేలు ఒకాయన తెచ్చిన జొన్నల్లో తాలు ఎక్కువ. గంప నింపి, చేత్తో చదును చేసి, "ఇగో, నిండింది," అన్నాడు. ఆమె ఆ గింజలను చాటలో పోసుకుని నాలుగుసార్లు చెరిగింది. పొట్టంతా ఎగిరి ఆయన ఇస్త్రీ చొక్కా మీద పడింది. మిగిలినవి తిరిగి పోస్తే గంపకు బెత్తెడు తక్కువైంది.

"నీ గాలి నువ్వు తీస్కపో పటేలా. నా బెత్తెడు నాకియ్యి."

"చెరిగినందుకు కూలి గూడ అడుగుతవేమో!"

"అది ఊకెనే. నీ సొక్కాకు పూసిన పొట్టు గూడ ఊకెనే."

నా సంపాదన గురించి తెలిసిన రోజు ఆమె నవ్విన నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది. అప్పట్లో మాకు జీతాలుండేవి కావు. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి సెంటీమీటరుకు ఇంత అని పంపేవారు. ఆ సంగతి చెబితే బద్ద నోట్లోంచి జారిపోయేలా నవ్వింది. "గంతేనా! నువ్వు గూడ మేదరోడివే. ఎంత పడ్తె అంత!" ఆ రోజు నుంచి నేను ఎక్కడికైనా బయల్దేరితే, "యాడికి బిడ్డా? గంపెడు దొరుకుతదా, చాటెడేనా?" అని అడిగేది.

ఆమె మీద నేను ఒక వ్యాసం రాశాను. చదివేవాళ్లకు నచ్చుతుందని తెలుసు. గింజలతో ధర కట్టే మనిషి, తారురోడ్డు పక్కన, బస్సుల దుమ్ములో. రెండు రోజులు కాగితం పట్టుకుని ఆమె పక్కన కూర్చుని వివరాలు అడిగాను. పందిరి గుంజకు వేలాడుతున్న అరచేతి గంపలను చూపించి, "ఇవెంత?" అన్నాను. అవి ఆమె, పెద్ద గంపలకు చీల్చిన వెదురులో మిగిలిన సన్న తునకలతో, బేరాల్లేని మధ్యాహ్నాల్లో అల్లేది. శ్రీశైలం బస్సు ఆగినప్పుడు పిల్లలు మారాం చేస్తే తల్లులు కొనేవాళ్లు.

"గిద్దెడు పడ్తయ్ గండ్ల. అర్ధరూపాయి గూడ గాదు. చిల్లర లొల్లెందుకని రూపాయి తీస్కుంట. గది రాయకు బిడ్డా, అది పోరగాండ్ల ఆటకు జేసింది. అది లెక్కల రాదు."

నేను రాశాను. రాయకపోతే వ్యాసానికి ముగింపు కుదరలేదు. 'పెద్ద గంప గంపెడు జొన్నలకు, అరచేతి గంప అక్షరాలా ఒక్క రూపాయికి' అన్నది నా చివరి వాక్యం. జిల్లా పేజీలో సగం, ఫొటోతో సహా వచ్చింది. నా పేరు అచ్చులో పడటం అదే మొదలు. ఖాజా భాయి ఆ పేజీ కత్తిరించి మైదా పిండితో హోటల్ గోడకు అంటించాడు. ఆమెకు రెండుసార్లు చదివి వినిపించాను. చివరికొచ్చేసరికి మొదటిసారి కొంచెం మొహం చిట్లించింది. రెండోసారి, "మంచిగనే ఉన్నది. ఎన్ని సెంటీమీటర్లొచ్చినయ్?" అంది.

ఆ ఏడు వాన పడలేదు. అంతకుముందు ఏడు కూడా సరిగ్గా పడలేదు. పాలమూరు జిల్లాలో అది కొత్త వార్త కాదు. మా డెస్కువాళ్లు కరువు వార్తలను ఒక మూలన, రెండు సెంటీమీటర్లలో సర్దేసేవారు. జొన్నల ధర పెరిగింది. ఆమె లెక్క ప్రకారం గంపల ధర కూడా పెరిగినట్టే. కొనేవాడే లేడు.

"పోసెటందుకు గింజలే లేకపాయె," అంది ఒకరోజు. "గంపను నెత్తి మీద బోర్లిచ్చుకొని తిరుగుతరా?"

కొందరు తిరుగు బేరాలకు వచ్చారు. పాత గంప తీసుకుని, బదులుగా నాలుగు గింజలిమ్మని. ఆ ఇస్త్రీ చొక్కా పటేలు కూడా వచ్చాడు. గంప పందిరి కింద పెట్టి, మొహం రోడ్డు వైపు తిప్పుకుని నిలబడ్డాడు. ఆమె సంచిలోంచి సగం గంపకు జొన్నలు పోసి, గంపతో సహా ఆయన చేతికే ఇచ్చింది. "గంప ఉంచుకో పటేలా. వానలొస్తె యాడ వెతుకుతవ్?" అంది. ఆ సంచి అప్పటికే అడుగంటుతోందని నాకు తెలుసు.

ఆ రోజుల్లో ఖాజా భాయి హోటల్ ముందు ఒక మేస్త్రీ కనిపించడం మొదలైంది. బొంబాయి దిక్కు ప్రాజెక్టు పనులకు మనుషులను తోలుకుపోయేవాడు. వారానికో లారీ. ఇళ్లకు తాళాలు వేసి, ముసలివాళ్లను అరుగుల మీద వదిలి, జనం మూటలతో ఎక్కేవాళ్లు. మేస్త్రీ ఆమెనూ వదల్లేదు.

"ఏం అక్కా, ఈ వారమన్న ఎక్కుతరా?"

"నీ లారీ ఎక్కేకన్న నా గంపల నేనే గూసుంట."

"గంపల గూసుంటె మోసెటోడు గావాలె గదా?"

"నువ్వే మొయ్యి. లేబర్ దొరకని నాడు నీకు గూడ పని ఉండాలె గదా."

హోటల్లో అందరూ నవ్వారు. ఆమె భర్త నవ్వలేదు. ఆయన తక్కువ మాటల మనిషి. వెదురు చీల్చడం ఆయన పని. పదేళ్ల కింద ఒకసారి అలాంటి లారీయే ఎక్కి, రాతిపెచ్చు ఎగిరిపడి కుడికన్ను పోగొట్టుకుని వచ్చాడు. ఎడమకంటికి అప్పటికే మసక. వెదురు చీల్చడానికి ఆయనకు కన్ను అక్కర్లేదు, కణుపును వేలితో తడిమి కత్తి పెడితే నిలువునా వెంట్రుకవాసి తేడా లేకుండా చీలేది. బాంబులు పేల్చి బండలు పగలగొట్టే చోట ఆ వేళ్లు ఎందుకూ పనికిరావు. నవ్వులు ఆగాక ఆమె బద్ద తీసి పక్కన పెట్టి నాతో మెల్లగా చెప్పింది.

"ఒక కన్ను ఆడ పెట్టొచ్చినం బిడ్డా. రెండోదాన్ని నేను పంపను. ఆడికి పోతె ఈ మనిషి తిరిగి రాడు. నాకెరుకే."

ఆమెకు ఆ వేసవి దాటితే చాలు. తొలకరి పడితే విత్తనాల గంపలకైనా ఎవరో ఒకరు వస్తారు. అప్పటిదాకా, లారీ ఎక్కకుండా, ఇద్దరూ ఆ పందిరి కిందే ఉండాలి. ఆమె అడిగింది అంతే.

ఫిబ్రవరిలో ఒక ఉదయం తెల్లకారు ఒకటి హోటల్ ముందు ఆగింది. హైదరాబాదులో చేతివస్తువుల దుకాణం నడిపే ఒకావిడ, శ్రీశైలం వెళుతూ, నా వ్యాసం చదివి వెతుక్కుంటూ వచ్చింది. అరచేతి గంపలు చూసి ముచ్చటపడింది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో తాంబూలం పెట్టి ఇవ్వడానికట. నూరు కావాలి. అన్నీ ఒకటే సైజు, ఒకటే నేత, అంచు పలచగా, పుల్ల గుచ్చుకోకుండా. నెలరోజుల్లో వచ్చి తీసుకుంటానంది.

"ధర సంగతి?" అందావిడ.

"చేసినంక చూద్దాం తియ్యమ్మా."

ఆవిడ నవ్వింది. "పేపర్లో చదివాను లెండి."

ఆమె కూడా నవ్వింది. నేను అక్కడే చాయ్ తాగుతున్నాను. ఇద్దరూ రెండు వేరే మాటలు మాట్లాడుకున్నారని నాకు తట్టలేదు. నా రాత వల్ల నూరు గంపలకు గిరాకీ వచ్చిందని పొంగిపోతున్నాను.

పని మొదలైంది. మిగిలిన తునకలతో నూరు ఒకేలాంటి గంపలు రావు. నిండు వెదురు కొనాలి, కోసి, చీల్చి, మళ్లీ చీల్చి, దారాల్లాగా చెయ్యాలి. ఆయన వేలు తెగి, గుడ్డ కట్టుకున్నాడు. ఆమె ఒళ్లో ఉన్నదేమిటో దగ్గరికి వెళ్తే తప్ప కనిపించేది కాదు. పెద్ద గంప అల్లేటప్పుడు ఆమె కాలి బొటనవేలితో అడుగును తొక్కిపట్టి, మొత్తం ఒళ్లు ఊపుతూ అల్లేది. ఇప్పుడు రెండు వేళ్ల కొసలు తప్ప ఏదీ కదిలేది కాదు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ఇద్దరూ కూర్చుంటే మూడు, బాగా సాగిన రోజు నాలుగు.

వారం గడిచాక, నేను వెళ్లేసరికి ఒక చిన్న గంపలో జొన్నలు పోసుకుని చూస్తూ కూర్చుంది. నోట్లో బద్ద లేదు.

"బిడ్డా, ఇటు జూడు. ఈ గంప అల్లేలోపల మేమిద్దరం తినే జొన్నలు ఈ గంపల పడ్తలేవు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె గింజలను సంచిలో పోసి, మళ్లీ ఇంకో గంపలో పోసి చూపించింది. అదీ అంతే.

"పెద్ద గంప అబద్ధం జెప్పదు. ఇది చెప్తాంది. గిట్ల చెప్పే గంపను నేను ఎన్నడు జూడలే."

అది ఆమెకు చిన్న సంగతి కాదు. తాత నాటి నుంచి వచ్చిన లెక్క ఆమె ఒళ్లోనే తప్పింది. ఆ గంపకు ఇంకేదో ధర ఉండాలి, అది గంపలోంచి రాదు, ఆమె నోటి నుంచే రావాలి. జీవితంలో ఎన్నడూ నోటితో ధర చెప్పని మనిషి. ఖాజా భాయి, నేను కూర్చుని లెక్క వేశాం. వెదురు ఖర్చు, ఇద్దరి కూలి. ఎనిమిది రూపాయలకు తగ్గకూడదని తేల్చాం. నూటికి ఎనిమిది వందలు. వానలదాకా గడుస్తుంది. లారీ ఎక్కాల్సిన పని లేదు.

ఆ ఎనిమిది ఆమె నోట పలికించడం ఇంకో కథ. రోజూ మధ్యాహ్నం ఖాజా భాయి భుజం మీద తువ్వాలను పైటలా కప్పుకుని హైదరాబాదు మేడం అయ్యేవాడు.

"ఎంతండీ ఇదీ?"

ఆమెకు నవ్వు ఆగేది కాదు. నవ్వు ఆపుకుని, "ఎని..." అని మొదలుపెట్టి, చేతిలో గంపలోకి చూసి, "నాలుగు" అనేసేది.

"బుట్టల జూడకు అక్కా! నా మొఖం జూసి చెప్పు."

"నీ మొఖం జూస్తె మూడు గూడ రాదు భాయీ."

ఆఖరికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. కళ్లు మూసుకుంటే చెప్పగలదు. గంప కనిపించకపోతే ఎనిమిది వచ్చేది. నెల తిరిగేసరికి నూరు గంపలూ పందిరి కింద తెల్లగా, వరసగా ఉన్నాయి. సంచిలో జొన్నలు అయిపోయాయి. చివరి నాలుగైదు రోజులు వాళ్లు ఖాజా భాయి ఇచ్చిన బన్ను, చాయ్‌తో గడిపారని తర్వాత తెలిసింది. మేస్త్రీ మర్నాటి లారీకి పేర్లు రాసుకుంటూ వచ్చి అడిగితే, "మా పేరు రాయకు. మాకు పని ఉన్నది," అంది.

ఆ మధ్యాహ్నమే కారు వచ్చింది. ఆవిడ గంపలను చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటీ చూసింది. బాగున్నాయంది. నిజంగానే బాగున్నాయి. డ్రైవరును డిక్కీ తెరవమంది. పర్సు తీసింది.

ఆమె బద్ద నోట్లోంచి తీసి, కళ్లు మూసుకుని, "ఎనిమిది రూపాయలు," అంది.

"ఎనిమిదికి ఎన్ని?"

"ఒకటి."

ఆవిడ ముందు నవ్వింది. తర్వాత నవ్వలేదు. పర్సులోంచి మడత పెట్టిన కాగితం తీసింది. నా వ్యాసం. వేలు పెట్టి చివరి వాక్యం పైకి చదివింది. "ఇదేంటమ్మా మరి? ఒక్క రూపాయి అని అచ్చువేశారు కదా. ఇది చూసే నేను మావాళ్లందరికీ ధర చెప్పుకున్నాను. మనిషిని చూసి ధర పెంచేస్తారా?"

ఆమె కళ్లు తెరిచింది. ఆ కాగితాన్ని చూసింది, హోటల్ గోడ వైపు చూసింది, నన్ను చూసింది.

"బిడ్డా, జర ఇటు రా. గా రూపాయి తప్పు పడ్డదని చెప్పు ఈమెకు."

నేను బెంచీ మీద నుంచి లేచి వెళ్లాను. ఆవిడ నా వైపు తిరిగింది.

"మీరేనా రాసింది? ఇది తప్పా? తప్పయితే చెప్పండి. మీ పేపరుకు ఉత్తరం రాస్తాను. ధరలు కూడా చూసుకోకుండా వేస్తారా?"

రెండు నెలల ముందు ఒక బస్సు ప్రమాదంలో గాయపడ్డవాళ్ల సంఖ్య నేను తప్పు పంపాను. ఇంకొక్క పొరపాటు జరిగితే కల్వకుర్తికి వేరే మనిషిని చూసుకుంటామని డెస్కు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం, నాకు పెళ్లి కుదరడం, ఇంకా ఏవేవో ఆ అర నిమిషంలో తలలో తిరిగాయి. ఇన్నేళ్లలో అవన్నీ కారణాలుగా చెప్పుకుంటూ వచ్చాను. కారణాలే. ఆమె అబద్ధం చెప్పమని అడుగుతోందని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. కాని అది అబద్ధం కాదు. అది లెక్కలో రాదు, రాయొద్దని ఆమె చెప్పింది. నేను రాశాను. తప్పు రాసినట్టే. నిలబడి ఆ మాట అంటే సరిపోయేది.

"లేదండీ," అన్నాను. "ఆమె చెప్పిందే రాశాను."

ఖాజా భాయి, "అరే సార్..." అన్నాడు వెనక నుంచి. అప్పుడు నేను, అవి తునకలతో చేసినవి, ఇవి వేరే అని ఏదో చెప్పబోయాను. ఆవిడ అప్పటికే ఆమె వైపు తిరిగింది. "విన్నావు కదమ్మా?"

ఆమె నా మీద కోపపడలేదు. సంచి దులిపితే అడుగున మిగిలిన కాసిని జొన్నలు రాలాయి. ఒక గంపలో పోసింది. గంపకు సగం కూడా రాలేదు.

"అమ్మా, నిండిందే అనుకో. ఈ గంపకు మా ఇద్దరి పూట పోయింది. గిన్ని గింజలతోని ఇద్దరు ఒక పూట ఎల్లదీసి చూపియ్యి. ఎల్లితె రూపాయికే తీస్కపో."

ఆవిడ చెడ్డ మనిషి కాదు. మొహం కొంచెం ఎర్రబడింది. "సరే, పని బాగుంది కాబట్టి రెండు రూపాయలిస్తాను. అంతకంటే నా వల్ల కాదు. ఇష్టం లేకపోతే ఉంచుకో," అంది.

రోడ్డు మీద బస్సు ఒకటి వచ్చి ఆగి వెళ్లింది. పందిరి లోపల నుంచి ఆమె భర్త గొంతు వినిపించింది. ఆయన నలుగురిలో మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

"ఇచ్చెయ్యే. గివి ఈడ ఎవనికి గావాలె?"

నిజమే. గింజలు లేని ఊళ్లో, గింజలు పట్టని గంపలు. డ్రైవరు నూరు గంపలనూ డిక్కీలో సర్దాడు. అవి ఎంత తేలికంటే, అన్నీ కలిపి రెండు విడతల్లో పట్టుకుపోయాడు. ఆమె కారు కదిలేదాకా చూసి, వెళ్లి మేస్త్రీని వెతికి, రెండు పేర్లు రాయించింది.

వాళ్లు వెళ్లాక అక్కడ జరిగింది నేను చూడలేదు, ఖాజా భాయి ద్వారా విన్నాను. రెండో వేసవిలో ఆమె భర్త, పునాది కోసం తవ్విన గుంతలో పడి చనిపోయాడు. అది ఉన్నట్టు ఆయనకు కనిపించలేదు. ఆమె తిరిగి రాలేదు. రాయచూరులో చుట్టాల దగ్గర ఉందని ఒకరు, అక్కడే పోయిందని ఇంకొకరు చెప్పారు. తొంభైల్లో నన్ను నల్లగొండకు మార్చారు, కల్వకుర్తికి రాకపోకలు తగ్గాయి. ఆమె వెళ్లిన ఏడు మాత్రం వానలు బాగా పడ్డాయి. పందిరి దగ్గరికి రైతులు వచ్చి, "మేదరామె యాడికి పోయింది?" అని అడిగితే ఖాజా భాయి చాయ్ పోస్తూ నా వైపు చూడకుండా జవాబు చెప్పేవాడు.

కారు వచ్చి వెళ్లిన మర్నాడు పొద్దున్నే నేను మార్కెట్టు గేటు దగ్గరికి వెళ్లాను. లారీ చుట్టూ ముప్పై మంది దాకా ఉన్నారు. కూలి దగ్గర గొడవ. మగవాళ్లకెంత, ఆడవాళ్లకెంత, తిండి ఎవరిది, ఆదివారం పనుందా అని ఆడవాళ్లు మేస్త్రీని చుట్టుముట్టి నిలదీస్తున్నారు. ఆమె ఆ గుంపులోకి వెళ్లలేదు. భర్త చెయ్యి పట్టుకుని, లారీ చెక్క ఎక్కడుందో ఆయన వేళ్లతో తడిమించి, పైకి ఎక్కించింది. మూట అందించింది. అప్పుడు నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

ఏమంటుందోనని భయపడ్డాను. తిడుతుందని. తిట్టాలని కూడా కోరుకున్నానేమో.

"బిడ్డా," అంది, మెల్లగా, పక్కవాళ్లకు వినబడకుండా. "నిన్న నలుగుర్ల నిన్ను అబద్ధమాడుమన్న. నా బుద్ధి గడ్డి తిన్నది. మనసుల వెట్టుకోకు."

"పెద్దమ్మా..." అన్నాను.

ఇంకేదో అంటానని ఆమె ఒక క్షణం ఆగింది. మేస్త్రీ కేకేశాడు. ఆమె టైరు మీద కాలు పెట్టి, ఎవరో అందించిన చెయ్యి పట్టుకుని లారీ ఎక్కి, భర్త పక్కన, ఆయన కన్నులేని వైపున కూర్చుంది.